ఒకే అవ్వ, రెండు దారులు

దీర్ఘాయువు వంశంలోనే ఉంటుందని తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి తెలుగిళ్లలో గట్టి నమ్మకం. పరిశోధకుల లెక్క అంత ఉదారంగా లేదు. మనుషుల ఆయుర్దాయంలో కనిపించే తేడాల్లో సుమారు పావు వంతు జన్యువులదని 1996లో డెన్మార్క్ కవలల అధ్యయనం తేల్చింది. కోట్ల మంది వంశవృక్షాలను తిరగేసిన 2018 నాటి పరిశోధన ఆ వాటాను పదో వంతు కంటే కిందికి దించింది. ఒకే తీరు కుటుంబాలు వియ్యమందుకోవడం వల్ల పాత అంకె ఉబ్బిందట!

ఆయువు పోసే జన్యువుల కంటే దాన్ని కోసే జన్యువులే తేలిగ్గా పట్టుబడతాయి. యవ్వనంలో చంపే లోపం సంతానానికి అందకుండా రాలిపోతుంది. యాభై దాటాక బయటపడేది మాత్రం అప్పటికే పిల్లలకు చేరి ఉంటుంది. జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1952లో అచ్చువేసిన వాదం ఇదే.

ఆ వాదానికి మన దగ్గరి సాక్ష్యం గుండెలోనే ఉంది. హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, మదురైకి చెందిన దండపాణి తదితర శాస్త్రవేత్తలు 2009లో ఎం.వై.బి.పి.సి.3 జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన లోపాన్ని ప్రకటించారు. గుండె కండరానికి అవసరమైన ప్రొటీను దీనివల్ల దెబ్బతింటుంది. నూటికి నలుగురు భారతీయుల్లో ఈ లోపం ఉంది. జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కదానిలోనే ఉంటే ఇబ్బంది సాధారణంగా నడివయసు దాటాకే మొదలవుతుంది, కొందరికి అసలు రాదు. రెండు ప్రతుల్లోనూ ఉంటే పసితనంలోనే ప్రాణం మీదికి రావచ్చు.

ఇక్కడే మేనరికం లెక్కలోకి వస్తుంది. తమిళనాడులో నాలుగో వంతుకు పైగా పెళ్లిళ్లు రక్తసంబంధంలోవే. ఒక అవ్వకు పెద్దకూతురు, ఎంతో ఎడంగా పుట్టిన కడగొట్టు కొడుకు. కూతురి కూతుర్ని ఆ కొడుక్కే చేశారనుకుందాం. వాళ్ల బిడ్డకు ఈ పెద్దావిడ తండ్రి వైపు అవ్వ, తల్లి వైపు ముత్తవ్వ. ఏ వరసన పిలవాలన్నది ఇంట్లో నవ్వులాట. జన్యువుకు వరసలతో పనిలేదు. అవ్వ దగ్గరున్న ఒక్క లోపం కొడుకు నుంచీ మనవరాలి నుంచీ వచ్చి అదే బిడ్డలో జతకట్టవచ్చు. నూటికి నలుగురి లెక్కన చూస్తే, బయటి సంబంధాల్లో పదివేల మంది పిల్లల్లో నలుగురికి రెండు ప్రతులూ లోపంతో వస్తాయి. మేనమామ పెళ్లిళ్లలో ఆ సంఖ్య దాదాపు 28.

వయసు మళ్లాక బయటపడే జన్యుముప్పు గుండెకే కాదు, మెదడుకూ ఉంది. ముసలితనపు మెదడు మీద పరిశోధన కృష్ణగిరి జిల్లాను ఆనుకున్న కోలారు జిల్లాలోనే సాగుతోంది. తెలుగు మాట బాగా వినిపించే శ్రీనివాసపుర ఊళ్లలో 45 ఏళ్లు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి గమనించాలన్నది బెంగళూరు ఐఐఎస్సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ పథకం. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తం, మెదడు స్కానింగ్, జన్యువులు అన్నీ అందులో భాగం. ఏపీఓఈ జన్యువులోని నాలుగో రకం అల్జీమర్స్ ముప్పు పెంచుతుందన్నది ఎక్కువగా ఐరోపా సంతతివారిలో తేలిన సంగతి. రాగిముద్ద తిని, పొలం పనిచేసి, బడిముఖం పెద్దగా చూడని పల్లెజనంలో ఆ ముప్పు ఎంతన్నది ఇలాంటి పల్లెల్లోనే కొలవాలి.