కొత్త పిల్ల, పాత పెరడు: కుక్కలున్న ఇంట నేర్చిన ఒక పాఠం

విత్తన చెరకు గురించి పాతికేళ్లకు పైగా తరగతి గదిలో నేను చెబుతున్న మొదటి మాట ఇది: చరిత్ర తెలియని తోట నుంచి తెచ్చిన ముచ్చెలను నేరుగా మన చేనిలో నాటరాదు. గడ్డిదుబ్బు తెగులు వంటివి పైకి ఆరోగ్యంగా కనిపించే గడలోనూ దాగి ఉంటాయి. అందుకే ముచ్చెలను తేమతో కూడిన వేడిగాలిలో 54 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 4 గంటలు శుద్ధి చేసి, వేరే మడిలో పెంచి, ఆరోగ్యాన్ని నిర్ధారించుకొన్న తరువాతనే ప్రధాన పొలానికి పంపుతాము. ఈ నియమాన్ని ఎన్ని తరగతుల విద్యార్థుల చేత వ్రాయించానో లెక్క లేదు. అటువంటి నేను రెండేళ్ల క్రితం జనవరిలో ఒక కుక్కపిల్లను చెరకు తోట నుంచి తెచ్చి, అప్పటికే మూడు కుక్కలున్న మా పెరటిలో ఏ జాగ్రత్తా లేకుండా వదిలాను. ఆ తరువాతి పది రోజుల అనుభవాన్ని విస్తరణ రంగంలోని సహోద్యోగులకు, విద్యార్థులకు చెప్పడం అవసరమని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

చెరకు తోటలో దొరికిన పిల్ల

1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం, 1937లో బోధన్‌లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం కలిసి ఈ ప్రాంతాన్ని చెరకు సీమగా మార్చాయి. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడిన తరువాత వరి, సోయా చిక్కుడు విస్తరించాయి. చెరకు తగ్గింది కాని పూర్తిగా పోలేదు. నేటికీ కోత కాలంలో గడలు నరికే బృందాలు కుటుంబాలతో సహా వచ్చి పొలాల పక్కన గుడిసెలు వేసుకొంటాయి. అడవి పందులను అదిలించడానికి రైతులు ఉంచుకొన్న కుక్కలు, ఊరి కుక్కలు గుబురు చెరకులో ఈనుతాయి. కోత చివరి సాళ్లకు చేరేసరికి పిల్లలు బయటపడతాయి.

రుద్రూరు సమీపంలోని ఒక రైతు పొలంలో కార్శి తోట దిగుబడి చూడడానికి వెళ్లిన రోజున అలాగే ఒక పిల్ల బయటపడింది. సుమారు ఏడు వారాల వయసు, బెల్లం రంగు, ఉబ్బిన పొట్ట. కోత కూలీల పిల్లవాడు, ఎనిమిదేళ్లుంటాయేమో, దానిని రెండు చేతులతో ఎత్తి నాకు అందించాడు. అందిస్తుండగా అది వాని వేలిని కొరికింది. పాలపళ్లు సూదుల వంటివి, రక్తం వచ్చింది. "పిల్లే కదా సార్, ఏం కాదు" అన్నాడు పక్కనున్న మేస్త్రీ. వాని తల్లి పసుపు అద్దబోయింది.

ఆ క్షణంలో నేను చేసిన పని మాత్రం సరైనదే. బోరు నీటి ధార కింద సబ్బుతో ఆ వేలిని పదిహేను నిమిషాలు కడిగించాను. పసుపు, సున్నం, కారం, నూనె ఏదీ పూయనివ్వలేదు. తల్లీబిడ్డలను వెంటబెట్టుకొని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాను. చర్మం చీలి రక్తం వచ్చిన కాటు మూడవ తరగతికి చెందినది కనుక గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్, చేతికి తొలి టీకా వేశారు. 0, 3, 7, 28 రోజులలో వేయవలసిన నాలుగు మోతాదుల కార్డు తల్లి చేతికి ఇచ్చారు.

అమ్మ మాట

సాయంత్రం నిజామాబాద్‌లోని మా ఇంటికి చేరేసరికి పిల్ల నా ఒడిలో నిద్రపోతున్నది. ఇంట్లో అప్పటికే రాజు, మల్లి, చుక్క ఉన్నాయి. రాజుకు పదకొండేళ్లు, కీళ్లనొప్పులతో వరండా మూలను తన సొంతం చేసుకొన్నది. మల్లికి ఆరు, చుక్కకు మూడు. మూడూ వీధి నుంచి వచ్చినవే. మా అమ్మ గడపలోనే ఆగి అడిగింది: "పిల్లను తెచ్చినవు సరే, ఎక్కడ పండబెడతవు? మీ నాయిన కొత్త ఎడ్లను తెస్తే వారం దినాలు వేరే కొట్టంల కట్టేటోడు. పాతవాటితోని కలవనిచ్చేటోడు కాదు."

ఇది కుక్కపిల్ల, ఎద్దు కాదని నవ్వి ఊరుకున్నాను. పిల్లను పెరటిలో దింపాను. మల్లి వాసన చూసింది, చుక్క ఆడుకోబోయింది, రాజు గుర్రుమన్నది. మా చిన్నమ్మాయి దానికి బెల్లం అని పేరు పెట్టి, ఆ రాత్రే ఆటలో తన వేలికి కూడా ఒక గీత పెట్టించుకొన్నది. మరునాడు ఆమెకూ టీకా మొదలుపెట్టించాము.

పది రోజులు

రేబిస్ విషయంలో పది రోజుల పరిశీలనకు స్పష్టమైన కారణం ఉన్నది. కుక్క లాలాజలంలో వైరస్ కనిపించేది వ్యాధి లక్షణాలు బయటపడడానికి కొద్ది రోజుల ముందు మాత్రమే. లక్షణాలు మొదలైన కుక్క త్వరలోనే మరణిస్తుంది. కరిచిన కుక్క పది రోజుల తరువాత కూడా బ్రతికి ఆరోగ్యంగా ఉంటే, కరిచిననాడు దాని లాలాజలంలో వైరస్ లేదని అర్థం. అయితే ఈ పది రోజులు టీకాను వాయిదా వేయడానికి కాదు. టీకా వెంటనే మొదలుపెట్టాలి. పరిశీలన దానితో పాటు సాగాలి.

అయిదవ రోజు ఉదయం బెల్లం పాలు ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు, సాయంత్రానికి రక్తంతో దుర్వాసన గల విరేచనాలు. పశువైద్యుడు పార్వో అన్నాడు. ఆయనను నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది పదవ రోజుకు ముందే చనిపోతే? "చనిపోతే పార్వోతో పోయిందని నేను నమ్ముతాను సార్. కాని ఆ బాబు విషయంలో నమ్మకం మీద ఉండలేము కదా" అన్నాడు.

అదే రోజు పొలానికి ఫోన్ చేస్తే, కోత ముగిసి బృందం మరునాడు మంజీర దాటి మహారాష్ట్రలోని మరో ఊరికి వెళ్లనున్నదని తెలిసింది. మూడవ రోజు టీకా బోధన్‌లో పడింది. ఏడవ రోజు టీకా అక్కడి ఆరోగ్య కేంద్రంలో వేయించినట్లు మేస్త్రీ ఫోన్‌లో చెప్పాడు. ఆ తరువాత ఆ ఫోన్ కలవలేదు. 28వ రోజు మోతాదు పడిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

పార్వోకు చికిత్స అంటే ప్రధానంగా శరీరం కోల్పోయిన ద్రవాలను తిరిగి ఇవ్వడం, వాంతులను ఆపడం, పేగుల గుండా ప్రవేశించే బ్యాక్టీరియాను అడ్డుకోవడం. నాలుగు రోజులు ఉదయం, సాయంత్రం సెలైన్ ఎక్కించారు. నా శ్రీమతి స్నానాల గదిని దానికి కేటాయించి, వేరే బట్టలతో లోపలికి వెళ్లి వచ్చేది. తొమ్మిదవ రోజు రాత్రి బెల్లం గంజి నాకింది. పదవ రోజు లేచి నిలబడింది. మరో వారానికి చుక్క తోకను పట్టుకొని లాగే స్థితికి వచ్చింది.

అంటే చివరకు ఆ పిల్లవాని గురించి మాకు నిశ్చింత కలిగించినది ఈ పిల్ల బ్రతకడమే. అది చనిపోయి ఉంటే, కార్డుపై ఒక గడి నిండిందో లేదో తెలియని ఆందోళనతో నేను ఈనాటికీ ఉండేవాడిని. మనిషి ఆరోగ్యం, జంతువు ఆరోగ్యం ఒకటేనని మనం సదస్సులలో చెప్పుకొనే మాటకు ఇంతకన్నా సూటి అర్థం నాకు తెలియదు.

తెగులు ఎటు నుంచి వచ్చింది?

పిల్లే వ్యాధిని మోసుకొచ్చిందని నేను మొదట భావించాను. పశువైద్యుడు అంగీకరించలేదు. పార్వో సోకిన తరువాత లక్షణాలు కనిపించడానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. మాకు అయిదవ రోజున కనిపించింది. కనుక అది తోటలోనైనా సోకి ఉండవచ్చు, మా పెరటిలోనైనా సోకి ఉండవచ్చు. ఈ వైరస్ నీడపట్టున, తేమ నేలలో నెలల తరబడి, అనుకూలిస్తే ఏడాది వరకూ నిలుస్తుంది. వీధిలోని మలం మన చెప్పులకు అంటి లోపలికి వస్తుంది. టీకా పొందిన పెద్ద కుక్కలు వ్యాధికి తట్టుకొంటాయి గనుక పెరడు శుభ్రంగానే ఉన్నట్లు మనకు తోస్తుంది.

ఇక్కడే నా పాఠంలోని లోపం బయటపడింది. పాత తోటను కొత్త ముచ్చె నుంచి కాపాడాలని మాత్రమే నేను ఇన్నేళ్లు బోధించాను. కొత్తదానిని పాత తోట నుంచి కాపాడాలన్న రెండవ సగం నాకు స్ఫురించలేదు. మా నాయన వేరే కొట్టంలో కట్టిన ఎద్దుకు ఆ రెండు రక్షణలూ కలిగేవి.

ఆ వారంలోనే శ్రీమతి నోటు పుస్తకం తీసి చూస్తే రాజు వార్షిక టీకాల గడువు రెండు నెలల క్రితమే దాటిపోయింది. దానికి ఏమీ కాలేదు. అయితే అది మా ముందుచూపు వల్ల కాదు.

మూడింటి నడుమ నాలుగవది

వ్యాధి తగ్గిన తరువాత బెల్లాన్ని ఇంట్లో కలపడం వేరే పని. మొదట గ్రిల్లు తలుపుకు అటూ ఇటూ ఉంచి వాసన అలవాటు చేశాము. నాలుగింటికీ నాలుగు చోట్ల తిండి గిన్నెలు పెట్టాము. రాజు మూలకు పిల్ల వెళ్లకుండా అడ్డు పెట్టాము. రాజు గుర్రుమంటే కసురుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. గుర్రుమనడం కరిచే ముందు ఇచ్చే హెచ్చరిక. దానిని అణచివేస్తే హెచ్చరిక పోయి కాటు మిగులుతుంది.

మరొక చిక్కు వయసుకు సంబంధించినది. స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రకటించిన గ్రంథంలో, కుక్కపిల్ల మనుషులతో, తోటి జంతువులతో సులువుగా అలవాటు పడే కాలం సుమారు 3 నుంచి 12 వారాలని చూపారు. టీకాల వరుస పూర్తయ్యేది 16 వారాలకు. టీకాలు ముగిసేవరకు ఒంటరిగా ఉంచితే పిల్ల పిరికిదవుతుంది. నేలపై తిప్పితే జబ్బు పడుతుంది. మేము దానిని చంకన వేసుకొని తిప్పాము. బజారు, ఆటోల మోత, బడిపిల్లల గుంపు అన్నీ చూపించాము. వీధి నేలపై మాత్రం దింపలేదు.

విస్తరణ కార్యక్రమంలో చేర్చదగిన అంశాలు

మనం సందర్శించే ప్రతి రైతు వాకిలిలోనూ దాదాపు ఒక కుక్క ఉంటుంది. మన సిఫారసుల పత్రాలలో మాత్రం దానికి చోటు లేదు. ఈ కింది అయిదు విషయాలను పొలంబడిలో చెప్పడానికి పది నిమిషాలు చాలు.

ఒకటి, కొత్త పిల్లను రెండు వారాలు విడిగా, కొత్త గిన్నెలతో, ఇతర కుక్కలు తిరగని చోట ఉంచాలి. పార్వో సోకిన చోటును మామూలు సబ్బుతో కడిగితే చాలదు. మలినం తీసివేసి, ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి 30 పాళ్లు నీరు కలిపి కడగాలి.

రెండు, 6 నుంచి 8 వారాల వయసులో తొలి టీకా వేయించి, 16 వారాల వరకు 3 నుంచి 4 వారాలకు ఒకసారి మళ్లీ వేయించాలి. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు టీకాను పని చేయనివ్వవు. అవి ఏ వారంలో తగ్గుతాయో ముందుగా తెలియదు. మోతాదులు పదేపదే వేయడానికి కారణం ఇదే. రేబిస్ టీకా మూడు నెలలకు, ఆపై పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం వేయించాలి.

మూడు, ఉబ్బిన పొట్ట పోషణకు గుర్తు కాదు, చాలాసార్లు ఏలికపాములకు గుర్తు. పశువైద్యుని సలహాతో నట్టల మందు ఇప్పించాలి. కుక్క మలం పడిన మట్టి నుంచి కొంకిపురుగుల పిల్లలు చెప్పులు లేని పాదాల చర్మంలోకి చొరబడతాయి.

నాలుగు, ఎలుకల మందు ఎరలను, అవి తిని చచ్చిన ఎలుకలను కుక్కలకు అందకుండా పూడ్చాలి.

అయిదు, పిల్ల కరిచినా కాటే. సబ్బు, నీటి ధార, పదిహేను నిమిషాలు, ఆపై ఆసుపత్రి. వలస కూలీల విషయంలో కార్డు ఇచ్చి ఊరుకోక, తరువాతి మోతాదు ఏ ఊరిలో పడుతుందో ఆనాడే అడిగి, మేస్త్రీ నంబరుతో పాటు కుటుంబం నంబరు కూడా వ్రాసుకోవాలి. నేను మేస్త్రీ నంబరు ఒక్కటే వ్రాసుకొన్నాను.

కుక్కల వల్ల సంక్రమించే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలన్నది మన జాతీయ లక్ష్యం. ఒక ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి టీకా పడితే వాటి మధ్య వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ 70 శాతంలో పట్టణపు వీధి కుక్కలతో పాటు, చెరకు సాళ్ల మధ్య పుట్టి ఎవరి లెక్కలోకీ రానివి కూడా ఉండాలి. వాటిని మొదట చూసేది పొలానికి వెళ్లే మనమే.

రాజు గత వర్షాకాలంలో వయసు మీరి కన్నుమూసింది. దాని వరండా మూలలో ఇప్పుడు బెల్లం పడుకొంటున్నది. ఈ సంవత్సరం విత్తన చెరకు పాఠం చెప్పినప్పుడు ముచ్చెల శుద్ధితో పాటు మా నాయన ఎడ్ల కొట్టం సంగతి కూడా చెప్పాను. విద్యార్థులు దానిని కూడా వ్రాసుకొన్నారు.