ఎం.ఎస్సీ. నర్సింగ్: చదవాలా, ఎక్కడ చదవాలి, ఎంతలో చదవాలి?

చీము, నెత్తురు, మలమూత్రాలు ముట్టుకుంటే మైల అని అగ్రవర్ణాలు దూరంగా జరిగిన కాలంలో నర్సు పనికి ముందుకొచ్చిన వాళ్లలో మిషన్ బళ్ళలో చదువుకున్న మాల, మాదిగ క్రైస్తవ ఆడపిల్లలు ఎక్కువ. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరు 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. అట్లాంటి ఆసుపత్రుల ద్వారానే తెల్ల చీర కట్టుకున్న నర్సమ్మ మన వాడల నుంచి బయల్దేరింది. అంతకు ముందు ఊళ్లో పురుళ్ళు పోసిన మంత్రసాని కూడా చాలాచోట్ల కింది కులాల మనిషే. ఆమె చేతుల్లో బిడ్డ పుట్టొచ్చు గానీ, పురిటి స్నానం అయ్యాక ఆమె గడప ఇవతల ఉండాల్సిందే.

ఇవాళ అదే పని బజారు సరుకైంది. గల్ఫ్, ఇంగ్లండు, జర్మనీలలో ఉద్యోగాలున్నాయని తెలిశాక అన్ని కులాల వాళ్ళూ వస్తున్నారు. రానివ్వండి, మంచిదే. అయితే సీటుకు ధర పెట్టిన రోజునుంచీ, ఈ వృత్తిని మోసుకొచ్చిన వాళ్ల పిల్లలే గుమ్మం బయట నిలబడాల్సి వస్తోంది. బి.ఎస్సీ. నర్సింగ్ అయిపోయి, ఏదో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తూ 'పీజీ చేస్తే బాగుపడతాం గదా' అనుకుంటున్న మన పిల్లల కోసం, వాళ్లకు సలహా చెప్పాల్సిన టీచర్ల కోసం ఈ వ్యాసం.

మొట్టమొదట అడగాల్సింది ఈ చదువు అవసరమా అని. కాలేజీల వాళ్ళు ఈ ప్రశ్న అడగనివ్వరు. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగానికి 2020 నుంచి నార్సెట్ అనే ఉమ్మడి పరీక్ష జరుగుతోంది. దానికి బి.ఎస్సీ. నర్సింగ్ చాలు. రెండేళ్ళ అనుభవం ఉన్న జి.ఎన్.ఎం. వాళ్ళు కూడా రాయొచ్చు. ఏడో వేతన సంఘం లెక్కలో ఆ ఉద్యోగానికి మూల వేతనం 44,900 రూపాయలు. ఎం.ఎస్సీ. ఉన్నా అదే పరీక్ష, అదే జీతం. వార్డులో పనిచేసే నర్సుకు పీజీ వల్ల ఒరిగేది మన దేశంలో చాలా తక్కువ. పీజీ నిజంగా అక్కరకొచ్చేది పాఠం చెప్పేచోట. నర్సింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసరు కావాలన్నా, ఆ పైకి పోవాలన్నా, పరిశోధన చెయ్యాలన్నా ఎం.ఎస్సీ. ఉండాల్సిందే. 2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ కొత్త మెడికల్ కాలేజీల పక్కన 157 నర్సింగ్ కాలేజీలు పెట్టడానికి ఒప్పుకుంది. పాఠం చెప్పే మనుషులు కావాలి. ఆ కుర్చీల్లో మనోళ్ళు కూర్చోవాలంటే పీజీ వదులుకోలేం. కాబట్టి నా అభిప్రాయం: సర్కారు ఉద్యోగమే గురి అయితే ముందు ఒకట్రెండు సార్లు నార్సెట్, రాష్ట్ర నియామక పరీక్షలు రాయండి. బోధన గురి అయితే ఎం.ఎస్సీ.కి పొండి. ఆసుపత్రి జీతం చాలక, దిక్కుతోచక మాత్రం పోవద్దు.

ఆ జీతం సంగతి కూడా తెలిసినదే. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల జీతాలు చూడమని కేంద్రాన్ని ఆదేశించింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా కనీసం 20,000 ఇవ్వాలని కమిటీ సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఎన్ని ఆసుపత్రుల గుమ్మం దాటిందో పనిచేసే పిల్లల్ని అడిగితే చెప్తారు. ఈ ఆకలి మీదనే పీజీ కాలేజీల వ్యాపారం నడుస్తోంది.

అర్హత విషయం. ఎం.ఎస్సీ. నర్సింగ్ రెండేళ్ళు. బి.ఎస్సీ. నర్సింగ్‌లో గానీ పోస్ట్ బేసిక్‌లో గానీ 55 శాతం మార్కులు, ఒక ఏడాది పని అనుభవం, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. మెడికల్ సర్జికల్, ప్రసూతి, పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్ అని ఐదు శాఖలు. మొదటి ఏడాది బోధన పద్ధతులు, పరిశోధన, గణాంకాలు ఉంటాయి. రెండో ఏడాది థీసిస్ రాయాలి. ఇంగ్లీషు భయం ఉన్న పిల్లలకు కష్టమయ్యేది ఈ థీసిస్. దానికే బయట డబ్బు తీసుకుని రాసిపెట్టే దుకాణాలున్నాయి. ఆ ఖర్చు కాలేజీ కరపత్రంలో కనపడదు.

తక్కువ ఖర్చుతో చదవాలంటే దారి ఒకటే, ప్రభుత్వ సీటు. హైదరాబాదులో సోమాజిగూడ ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ, నిమ్స్ కాలేజీ ఉన్నాయి. తిరుపతిలో స్విమ్స్ ఉంది. రాష్ట్రం దాటితే ఢిల్లీలో రాజకుమారి అమృత్ కౌర్ కాలేజీ. 1946లో పుట్టిన ఆ కాలేజీలోనే 1959లో దేశంలో మొట్టమొదటి ఎం.ఎస్సీ. నర్సింగ్ మొదలైంది. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, పుదుచ్చేరి జిప్మర్ ఉన్నాయి. మానసిక ఆరోగ్యం చదవాలనుకుంటే బెంగళూరు నిమ్హాన్స్‌ను మించింది లేదు. కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. వీటిలో ఫీజు ప్రైవేటు ఫీజుతో పోల్చదగ్గది కాదు. మరి మనోళ్ళు ఎందుకు తక్కువగా కనిపిస్తారు? ప్రవేశ పరీక్ష ప్రకటన వచ్చేదీ పోయేదీ జిల్లాలో తెలియకపోవడం ఒకటి. 'అంత దూరం ఆడపిల్లనెట్లా పంపుతాం' అనే ఇంట్లో మాట ఒకటి. రెండో దానికి జవాబు చెప్పగలిగింది టీచర్లే. దుబాయి పంపడానికి లేని భయం ఢిల్లీకి ఎందుకని అడగండి.

ప్రైవేటు కాలేజీ దగ్గరికొస్తే లెక్క మారుతుంది. ఇక్కడ మన పిల్లల్ని నిలబెట్టేది ఫీజు రీయింబర్స్‌మెంటు. పడగొట్టేది కూడా అదే. కుటుంబ ఆదాయం 2.5 లక్షల లోపున్న ఎస్సీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. 2020 డిసెంబరులో కేంద్రం తన వాటాను 60 శాతంగా ఖాయం చేసి, దాన్ని నేరుగా విద్యార్థి ఖాతాలో వెయ్యాలని నిర్ణయించింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు రీయింబర్స్‌మెంటు ఎత్తేసింది. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కున్నట్టయింది. ఆ జీవో దెబ్బకు పీజీ మాట మర్చిపోయిన పిల్లలు ఎందరో. తెలంగాణలో పథకం ఉంది, బకాయిలు మాత్రం వేల కోట్లకు చేరి కాలేజీలు బందులు చేసేదాకా వెళ్ళింది. యాజమాన్యానికీ సర్కారుకూ మధ్య గొడవలో సర్టిఫికెట్లు ఇరుక్కునేది మనవే. అందుకని చేరబోయే ఏడాదికి ఉత్తర్వు ఏమిటో సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి, కాలేజీ గుమస్తాను అడగొద్దు. మేనేజ్‌మెంటు కోటా సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు రీయింబర్స్‌మెంటు ఉండదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతోమంది మునిగారు. కన్వీనర్ కోటా అలాట్‌మెంటు ఉత్తర్వు చేతికొచ్చాకే సంతకం పెట్టాలి.

ఖర్చు వెయ్యడం ఎట్లా? ట్యూషన్ ఫీజు ఒక్కటే చూస్తే మోసపోతాం. హాస్టలు, మెస్సు, యూనిఫాం, యూనివర్సిటీ పరీక్ష ఫీజు, పోస్టింగులకు బస్సు ఖర్చు, థీసిస్ టైపు, బైండింగు అన్నీ కూడాలి. పైగా ఆ రెండేళ్ళు మానేసే జీతం. మాట వరసకు నెలకు 15,000 వచ్చే అమ్మాయి అనుకుంటే రెండేళ్ళకు 3,60,000 పోతుంది. ఏడాదికి 80,000 ట్యూషన్, 60,000 హాస్టలు అనుకుంటే రెండేళ్ళకు 2,80,000. అంటే చేతికి అందని సొమ్ము, చేతి నుంచి పోయే సొమ్ము కలిపి 6,40,000. ఇంటికి ఆ అమ్మాయి జీతమే ఆధారమైతే మొదటి అంకె రెండోదానికన్నా బరువు. దాన్ని ఏ రీయింబర్స్‌మెంటూ తీర్చదు. ప్రభుత్వ సీటు వచ్చినా ఈ 3,60,000 పోతుందని గుర్తుంచుకుని ముందు నుంచే కొంత వెనకేసుకోవాలి. బ్యాంకు అప్పయితే 4 లక్షల దాకా విద్యారుణానికి ఆస్తి తాకట్టు అడగకూడదు. మేనేజరు అడిగితే రాతలో ఇమ్మనండి, చాలాసార్లు అడగడం మానేస్తాడు.

ఈ జీతం పోయే బాధను ఆసరా చేసుకుని కొన్ని కాలేజీలు 'రానక్కర్లేదు, హాజరు మేం వేస్తాం, ఉద్యోగం చేసుకోండి' అంటాయి. అవసరంలో ఉన్న పిల్లకు ఇది వరంలా వినపడుతుంది. బయటికొచ్చాక ఆమె చెయ్యాల్సింది పాఠం చెప్పడం. చదవని చదువును ఎట్లా చెప్తుంది? 'రిజర్వేషన్ వాళ్ళకు ఏమీ రాదు' అనే నోళ్ళకు మనమే మాట అందించినట్టవుతుంది. ఇదే చదువు ఇంకో కులం పిల్ల ఇట్లాగే కొనుక్కుంటే ఆ మాట ఎవరూ అనరు, అది వేరే సంగతి.

కాలేజీకి గుర్తింపు ఉందో లేదో మూడుచోట్ల చూడాలి. 1947 చట్టం కింద ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితా, రాష్ట్ర కౌన్సిల్, అనుబంధ విశ్వవిద్యాలయం. మన దగ్గర విశ్వవిద్యాలయం అంటే విజయవాడ ఎన్టీఆర్, వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు. నర్సింగ్ కమిషన్ కోసం 2023లో కొత్త చట్టం కూడా వచ్చింది. కాలేజీ పేరు ఉంటే సరిపోదు, ఎం.ఎస్సీ.లో మీరు కోరుకున్న శాఖకు అనుమతి ఉందా, ఎన్ని సీట్లకుందో చూడాలి. బెంగళూరులో సీటిప్పిస్తామని తిరిగే ఏజెంట్లు ఈ ప్రశ్నకు గొంతు సవరించుకుంటారు.

కాగితాల మాట. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు తలుపు తెరిచాక తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీలు మూడు గ్రూపులయ్యారు: 1, 9, 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో 1, 6.5, 7.5 శాతంగా చేశారు. పాత కుల సర్టిఫికెట్ మీద గ్రూపు ఉండదు. కౌన్సెలింగ్ ముందు రోజు తహసీల్దారు ఆఫీసుకు పరుగెత్తే బదులు ప్రకటన రాకముందే తెచ్చిపెట్టుకోండి. ఆదాయ సర్టిఫికెట్ కూడా అంతే. ఒరిజినల్స్ పరిశీలించి తిరిగి ఇచ్చెయ్యాలని 2018లో యూజీసీ స్పష్టంగా చెప్పింది. కాలేజీ వాళ్ళు ఉంచుకుంటామంటే ఏ కాగితం, ఏ తేదీన తీసుకున్నారో రాసిన రసీదు, దానిమీద ముద్ర అడిగి తీసుకోండి. రేపు సంక్షేమ శాఖకు గానీ కోర్టుకు గానీ పోవాల్సి వస్తే చూపించడానికి ఆ రసీదే ఉంటుంది.