పెళ్లి ఫొటోలకు రెండో చోటు

మెదక్ జిల్లా నిజాంపేటలో నాది ఫొటో స్టూడియో. ఆల్బమ్ ఇచ్చిన ఎన్నో ఏళ్లకు ఎవరో వస్తారు. "అన్నా, మా నాయిన ఫొటో ఒక్కటి తీసియ్యవా?" ఆ మనిషి ఇప్పుడు లేడు. ఆ ఫొటో ఉన్నది నా హార్డ్ డిస్కులోనే. అందుకే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

అది ఏం కాపీ చేస్తుందో ముందు చూడాలి. విండోస్‌లోనే ఉండే ఫైల్ హిస్టరీ మన ఫొటోలను, పత్రాలను, వాటి పాత రూపాలతో సహా బయటి డిస్కులో దాస్తుంది. పైసా ఖర్చు లేదు. కానీ కంప్యూటర్ డిస్కే పోతే విండోస్, ఫొటోషాప్ అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. వీమ్ ఏజెంట్ లాంటివి డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా తీస్తాయి. దాన్ని కొత్త డిస్కులోకి దించితే కంప్యూటర్ మునుపటిలాగే లేస్తుంది. దానికీ ఉచిత వెర్షన్ ఉంది. పని ఆగకూడని వాళ్లకు నేను ఇదే చెబుతాను.

గూగుల్ డ్రైవ్ ఉందిగా అంటారు. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, ఒక్క పెళ్లి రా ఫైళ్లకే చాలదు. పైగా సింక్ పెట్టిన ఫోల్డర్‌లో ఇక్కడ చెరిపితే అక్కడా పోతుంది. చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, అంతే.

2017 మేలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. అలాంటివి తగిలించి ఉన్న బయటి డిస్కునూ వదలవు. బ్యాకప్ అవగానే కేబుల్ తీసి డిస్కును బీరువాలో పెడతాను. ఇంకో డిస్కు ఇంట్లో ఉంటుంది.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా డబ్బు కట్టే ముందు ఒక ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లోకి దించి, నాలుగు ఫొటోలు తెరిచి చూడండి.