పూత నిండా ఉంది... పిందె ఏదీ?

పెరట్లో ఆనపపాదు పెట్టారు. పందిరంతా అల్లుకుంది. పొద్దువాలేసరికి తెల్లటి పూలు విచ్చుకుని చూడముచ్చటగా ఉంటోంది. కాయ మాత్రం ఒక్కటీ నిలవడం లేదు. పక్కింటి పిన్నిగారు చూసి, "దిష్టి తగిలిందమ్మా, పందిరికి ఓ పాత చెప్పు కట్టు" అంటారు. ఇంకొకరు, "ఇది గొడ్డు పాదు, పీకి పారెయ్యి" అని తీర్పు చెప్పేస్తారు.

పీకే ముందు ఒక్క పని చెయ్యండి. పువ్వుని కోసి లోపల ఏముందో చూడండి. పువ్వంటే మనకి జడలోకి, దేవుడి పటానికి. మొక్కకి మాత్రం అది కాయ కోసం చేసుకున్న ఏర్పాటు. అందులో ఏది ఏ పని చేస్తుందో తెలిస్తే మీ పాదుకి ఏం తక్కువైందో మీకే తెలిసిపోతుంది.

ముందు మందారంతో మొదలుపెడదాం. ముద్ద మందారం వద్దు, ఐదు రేకులున్న ఒంటి మందారం కావాలి. కూరలు తరిగే చాకుతోనే నిలువుగా చీల్చండి. అడుగున పచ్చటి గిన్నెలాంటిది కనిపిస్తుంది కదా, అవి రక్షక పత్రాలు. మొగ్గగా ఉన్నప్పుడు లోపలున్నవాటిని కప్పి కాపాడేవి ఇవే. వీటితో మీకు పరిచయం లేకపోలేదు. వంకాయ ముచ్చిక ఇదే. టమాటా మీద పచ్చటి నక్షత్రం ఇదే. దానిమ్మపండు కిరీటమూ ఇదే. పోపులపెట్టెలోంచి ఒక లవంగం తీసి చూడండి. అది విచ్చుకోకముందే కోసి ఎండబెట్టిన మొగ్గ. తల దగ్గర నాలుగు కొమ్ముల్లా ఉన్నవి రక్షక పత్రాలు, వాటి మధ్య గుండ్రటి బొడిపె ముడుచుకున్న రేకులు.

ఆ తర్వాతవి రంగు రేకులు. వీటిని ఆకర్షణ పత్రాలంటారు. తేనెటీగనీ సీతాకోకచిలుకనీ రమ్మని పిలవడం వీటి పని. (కాగితం పూలలో మనల్ని ఆకట్టుకునే రంగు రేకులు నిజానికి రంగు మారిన ఆకులు. వాటి మధ్య సన్నగా, తెల్లగా ఉన్న గొట్టాలే అసలు పూలు!)

ఇక మధ్యలో పొడుగాటి కాడ. దాని చుట్టూ పసుప్పచ్చ పొడి అంటుకున్న సన్నటి పోగులున్నాయి చూశారా, అవి కేసరాలు. పువ్వులో మగ భాగం. ఆ పొడే పుప్పొడి. కాడ చిట్టచివర వెల్వెట్ గుండీల్లాంటి ఐదు బొడిపెలు కీలాగ్రం. పుప్పొడి వచ్చి వాలాల్సింది ఇక్కడే. దాని కింద సన్నటి దారంలాంటి కీలం కాడ లోపలినుంచి దిగి, అడుగునున్న అండాశయంలో కలుస్తుంది. ఇదంతా ఆడ భాగం. అండాశయమే పెరిగి కాయవుతుంది, అందులోని అండాలు గింజలవుతాయి. బెండ కూడా మందారం కుటుంబానిదే. బెండకాయని చక్రాల్లా తరిగినప్పుడు కనిపించే గదులు ఆ అండాశయం గదులే. ముద్ద మందారం సంగతంటారా, అందులో కేసరాలే చాలావరకు రేకులుగా మారిపోయాయి. అందుకే అంత ముద్దగా ఉంటుంది.

పాయసంలో వేసే కుంకుమపువ్వు కూడా రేకులు కాదు, కీలాగ్రాలే. ఒక్కో పువ్వుకి మూడే మూడు ఎర్రటి పోగులు. కాశ్మీర్‌లోని పాంపోర్ చుట్టుపక్కల పొలాల్లో వాటిని చేత్తో ఏరతారు. కిలో పోగవ్వాలంటే లక్షకు పైగా పూలు కావాలి. ధర ఎందుకంతో ఇప్పుడు తెలిసింది కదా!

పాదుల్లో పూలు రెండు రకాలు

మందారంలో, బెండలో, వంగలో, టమాటాలో ఆడ, మగ భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి. ఆనప, బీర, పొట్ల, కాకర, గుమ్మడి, దోసల్లో మాత్రం సాధారణంగా మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. రెండూ ఒకే తీగకి పూస్తాయి. గుర్తుపట్టడం చాలా తేలిక. రేకుల కింద ఉత్త కాడే ఉంటే మగ పువ్వు. రేకుల కింద వేలెడు బుల్లి కాయ కనిపిస్తే ఆడ పువ్వు. ఆ బుల్లి కాయే అండాశయం. ఆనపకి బుల్లి ఆనపకాయ, కాకరకి గరుకు గరుకు బుల్లి కాకరకాయ. బీరకాయ చెక్కు తీసేటప్పుడు తొడిమకి రెండో కొసన చిన్న మచ్చ కనిపిస్తుంది. పువ్వు అంటుకుని ఉన్న చోటు అది.

ఈ పాదులు ముందుగా మగ పూలే పూస్తాయి. మొదట్లో కొన్నాళ్ళు రాలేవన్నీ అవే. మగ పువ్వు కాయ కాయదు, పూసి రాలిపోవడమే దానికి తెలుసు. కాబట్టి బెంగపడకండి. ఎండలు మండిపోతున్నా, ఎరువు ఎక్కువేసి తీగ మరీ ఏపుగా పెరిగినా మగ పూలే ఎక్కువగా వస్తాయి. ఆనపతీగ పందిరెక్కాక కొస తుంచేస్తే పక్క కొమ్మలు వేస్తుంది, ఆడ పూలు వాటికే ఎక్కువ.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఆడ పూలు వస్తాయి, కింద పిందె కూడా ఉంటుంది, నాలుగు రోజుల్లో పసుపురంగుకి తిరిగి, కుళ్ళి రాలిపోతుంది. పుప్పొడి అందలేదన్నమాట. ఈ పూల పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది. గాలికి ఎగరదు, ఏదో ఒక పురుగు మోసుకురావాలి. నాలుగో అంతస్తు మేడ మీద కుండీల్లో పెంచేవాళ్ళ దగ్గరికి తేనెటీగలు ఎన్నని వస్తాయి చెప్పండి? పుప్పొడి రాకపోతే పాదు చేసిన తప్పేముంది? అయినా గొడ్డుదన్న మాట దాని మీదే పడుతుంది. ఈ మాట మనం పాదుల విషయంలోనే వినలేదు కదూ!

తేనెటీగ పని మీరే చెయ్యండి

గుమ్మడికైతే పొద్దున్నే, కాఫీ తాగిన వెంటనే వెళ్ళండి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది. అప్పుడే విచ్చుకున్న మగ పువ్వుని కాడతో కోసి, రేకులు తుంచెయ్యండి. మధ్యలో పసుప్పచ్చ పుల్ల మిగులుతుంది. వేలితో తాకితే పొడి అంటాలి. దాన్ని ఆడ పువ్వు మధ్యనున్న కీలాగ్రం మీద నెమ్మదిగా అన్ని వైపులా రాయండి. ఒక్క మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకి సరిపోతుంది. కాకర, దోసలకీ పొద్దుటిపూటే. ఆనప, బీర, పొట్ల సాయంత్రం విచ్చుకుంటాయి గనుక దీపాలు పెట్టే వేళ చెయ్యాలి. వానలో తడిసిన పుప్పొడి పనికిరాదు. వారం తిరిగేసరికి పిందె లావెక్కి కిందికి వాలిందంటే నిలిచినట్టే. పిందె మీద సూదితో పొడిచిన గుర్తుండి, కోస్తే లోపల పురుగులుంటే మాత్రం అది పండు ఈగ పని. దానికి పుప్పొడి వైద్యం పనికిరాదు.

పూలు విచ్చుకుని ఉన్న వేళ మందు కొట్టకండి. వచ్చే నాలుగు తేనెటీగలూ చచ్చిపోతాయి. గుమ్మడిపూల బజ్జీలు వేసుకోవాలని ఉంటే మగ పూలే కోయండి, అన్నీ కాకుండా నాలుగు వదిలెయ్యండి.

టమాటా, వంగ మొక్కలకి ఈ రాయడాలేవీ అక్కర్లేదు. పొద్దున పూట కొమ్మని నాలుగుసార్లు మెల్లిగా కదిపితే చాలు, పుప్పొడి దానంతటదే రాలి పడుతుంది.

మొక్కజొన్నపొత్తు ఒలిచేటప్పుడు చేతికి చుట్టుకునే పీచుని విసుక్కుంటూ పారేస్తాం. ఆ పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజ తాలూకు కీలం! పుప్పొడి అందని పోగు దగ్గర గింజ కట్టదు. పొత్తులో అక్కడక్కడా బోసినోరులా ఖాళీలు ఉండేది సాధారణంగా ఇందుకే.

బొప్పాయి, దొండల్లో చెట్టుకి చెట్టే ఆడా మగా. దొండతీగని కాసిన పాదు నుంచే ముక్క కోసి తెచ్చి నాటుకోండి. బొప్పాయి పూసేదాకా తేలదు. పొడుగాటి కాడలకి గుత్తులుగా వేలాడే పూలు వస్తే మగది. కాండానికి అంటుకుని లావుపాటి పూలు వస్తే కాసేది. అందుకని ఒక్కో గుంటలో మూడేసి మొక్కలు పెట్టి, పూత చూశాక కాసేదాన్ని ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్యండి. చుట్టుపక్కల ఎక్కడా మగ చెట్టు లేకపోతే మీ పెరట్లో ఒకటి మిగుల్చుకోండి.