బోన్సాయి కుండలు

జపాను దేశమున వెడల్పుగాను లోతు తక్కువగాను ఉండు కుండలలో పొట్టిగా పెంచెడి వృక్షములను బోన్సాయి యందురు. 'బోన్' అనగా పళ్లెరము. 'సాయి' అనగా నాటుట. ఆ కుండలనుగూర్చి మేమిచట కొంత తెలుపుచున్నాము.

ఐచి మండలమందలి తొకోనామె పట్టణము వీనికి ప్రసిద్ధి కెక్కినది. అచట 12వ శతాబ్దమునుండి కుమ్మరిపని సాగుచున్నది. కుమ్మరి చేతితో కుండను మలచి, ఆరబెట్టి, వెలుపల గాజువంటి మెఱుగుపూత పూసి, సుమారు 1200 డిగ్రీల వేడిమిలో కాల్చును. అట్లు కాలిన కుండ నీటిని మిక్కిలి తక్కువగా పీల్చును గనుక శీతకాలపు మంచునకు సులభముగా పగులదు. వేళ్లు తాకు లోపలి భాగమునకు పూత పూయరు. అడుగున రంధ్రములుంచి, క్రింద పొట్టి కాళ్లు అమర్చుదురు. పూత యెంత సొగసైనదైనను, రంధ్రములేని కుండలో నీరు నిలిచి, వేళ్లు కుళ్లి, చెట్టు చచ్చును.

సూదియాకుల వృక్షములకు సాధారణముగా పూతలేని కుండలను, పూలు పండ్లనిచ్చు వానికిని ఆకురాల్చు వానికిని పూతగల కుండలను ఎన్నుకొందురు. ఎఱ్ఱబారిన ఆకులకు నీలిపూత శోభనిచ్చును.

కుమ్మరి తన ముద్రను కుండ యడుగున వేయును. అది చూపఱులకు కానరాదు. వారి చూపు చెట్టుపైనే నిలుచునట్లు చేయుటయే యతని నేర్పు.