జరిమానా కట్టిన చేత్తోనే షేర్ల కొనుగోలు

ఈమధ్య కూలీల మీటింగులో అప్పుల సంగతి మాట్లాడుతుంటే ఒక పెద్దాయన లేచి అడిగాడు: "పెద్ద బ్యాంకులకు కోట్లకు కోట్లు జరిమానా వేశారని పేపర్లో వస్తది గదా, మరి అవి దివాలా తీయవేం?" మంచి ప్రశ్నే. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు లెక్క చూస్తే జవాబు దొరుకుతుంది.

ఒక్కొక్క ఖాతాదారు చేత ఎనిమిదేసి ఖాతాలు తెరిపించాలని ఆ బ్యాంకు పైఅధికారులు గుమాస్తాల వెంటబడ్డారు. ఆ ఒత్తిడికి తాళలేక వాళ్లు జనానికి తెలియకుండానే జనం పేర్న ఖాతాలు తెరిచారు. 2016లో గుట్టు రట్టయింది. 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఛైర్మన్ దిగిపోక తప్పలేదు. కాని అంతకుముందే 5,300 మంది ఉద్యోగుల్ని బ్యాంకు ఇంటికి పంపేసింది. ఆ విభాగం నడిపిన పెద్ద అధికారిణికి 2023లో కోర్టు శిక్ష వేసింది, కాని జైలు లేదు.

అక్కడితో ఆగిందా? లేదు. అప్పు సక్రమంగా కట్టినవాళ్ల కార్లు లాక్కున్నారనీ, ఇళ్లు అన్యాయంగా జప్తు చేశారనీ, 1 కోటి 60 లక్షల ఖాతాలకు నష్టం జరిగిందనీ అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ తేల్చింది. 2022 డిసెంబరులో 370 కోట్ల డాలర్లు కట్టమంది. ఇందులో 170 కోట్లు జరిమానా, మిగతాది జనానికి పరిహారం.

బ్యాంకు కుంగిపోయిందా? ఆ మూడు నెలల్లో కూడా లాభమే చూపింది. తర్వాతి మూడు నెలల్లో, అంటే 2023 జనవరి నుండి మార్చి వరకు, సుమారు 500 కోట్ల డాలర్ల లాభం. అందులోంచి 400 కోట్లు పెట్టి తన షేర్లు తానే కొనుక్కుంది!

తన షేరు తాను కొనడమేమిటంటారా? పదిమంది వాటాదారులున్న రైస్ మిల్లు ఉందనుకోండి. లాభం 1,000 రూపాయలైతే తలా 100. మిల్లు సొమ్ముతోనే ఇద్దరి వాటాలు కొని రద్దుచేస్తే మిగిలేది ఎనిమిదిమంది. లాభం అంతే వస్తే ఇప్పుడు తలా 125. ఒక్క బస్తా ఎక్కువ ఆడలేదు, హమాలీకి ఒక్క పైసా పెరగలేదు. వాటాదారుల బలుపు మాత్రం పెరిగింది. పెద్ద అధికార్లకు జీతంలో చాలా భాగం షేర్ల రూపంలోనే ముడుతుంది గనుక వాళ్లకూ పండగే.

అదీ సంగతి. ఇల్లు పోయినవాడికి అది జీవితం. బ్యాంకుకు మాత్రం ఖర్చు పద్దులో ఒక వరస.

కనుక జరిమానా వార్త చదివి చప్పట్లు కొట్టి ఊరుకోకండి. ఎవరి ఉద్యోగం పోయింది, ఎవరి ఇల్లు తిరిగొచ్చింది, తర్వాతి మూడు నెలల లాభం ఎవరి జేబులోకి వెళ్లింది, ఈ మూడూ అడగండి. మన ఊళ్లో బ్యాంకు కాగితం మీద వేలిముద్ర వేసేముందు కూడా చదివించుకోండి, నకలు అడిగి దగ్గరుంచుకోండి.