జాబితాలో పేరు లేని రోజు

ఎంపిక జాబితాలో బిడ్డ పేరు లేదని తెలిసిన రోజున ఇల్లంతా మూగబోతుంది. అది కాలేజీ సీటు కావచ్చు, ఉద్యోగం కావచ్చు, ఆటల జట్టు కావచ్చు. ఆ పూట తల్లిదండ్రులు ఏం మాట్లాడతారు, మరునాడు బిడ్డ ఏం చేస్తుంది అన్న వాటిపైనే తర్వాతి సంవత్సరాలు ఆధారపడి ఉంటాయి. దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ మనం దూరం వెళ్లనక్కరలేదు. నిజామాబాద్ పట్టణంలో పుట్టి పెరిగిన బాక్సర్ నిఖత్ జరీన్ జీవితం చాలు.

చెరకు సీమలో ఒక కుటుంబం

నిజామాబాద్ జిల్లాలో నెల జీతం విలువ తెలియని కుటుంబం ఉండదు. నిజాంసాగర్ నీటితో చెరకు పండిన ఈ నేలపై, బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. తరతరాలకు అన్నం పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. బతుకుతెరువు కోసం జిల్లా నుంచి ఎందరో గల్ఫ్ దారి పట్టారు. నిఖత్ తండ్రి జమీల్ అహ్మద్ కూడా సౌదీ అరేబియాలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసినవారే. నలుగురు ఆడపిల్లల చదువుల కోసం, మూడో కూతురు ఆట కోసం ఆయన తిరిగి వచ్చేశారు. ఇలాంటి చోట స్థిరమైన సంపాదనను వదులుకుని బిడ్డ ఆటను నమ్ముకోవడం ఎంతటి నిర్ణయమో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

నిఖత్ మొదట పరుగు పందేల్లో సాధన చేశారు. ఆ తర్వాత పట్టణంలోనే కోచ్ షంసముద్దీన్ వద్ద బాక్సింగ్ పాఠాలు నేర్చుకున్నారు. ఆడపిల్లకు ఈ ఆట ఏమిటని, ఆ దుస్తులేమిటని బంధుమిత్రులు ప్రశ్నించారు. ముఖంపై దెబ్బలతో ఇంటికి వచ్చిన కూతుర్ని చూసి తల్లి పర్వీన్ సుల్తానా తల్లడిల్లారు. ఈ విషయంలో మన పాఠకుల ఇళ్లలోనూ భిన్నాభిప్రాయాలు ఉంటాయని మాకు తెలుసు. ఆ చర్చను పక్కన పెట్టి, ఒక కుటుంబం తన బిడ్డ శ్రమకు ఎలా తోడు నిలిచిందో చూద్దాం. 2011లో టర్కీలోని అంటాల్యాలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో నిఖత్ స్వర్ణం గెలిచారు. 2017లో భుజానికి గాయమై, శస్త్రచికిత్స జరిగి, చాలాకాలం రింగ్‌కు దూరమయ్యారు.

అడిగింది ఒక్క పోటీ

అసలు పరీక్ష 2019లో ఎదురైంది. ఆ ఏడాది ప్రపంచ పోటీలకు 51 కిలోల విభాగంలో ఎంపిక పోటీ నిర్వహించకుండానే, ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన మేరీ కోమ్‌ను ఎంపిక చేశారు. ఒలింపిక్ అర్హత పోటీలకూ అలాగే జరగవచ్చన్న మాట వినిపించినప్పుడు నిఖత్ కేంద్ర క్రీడల మంత్రికి లేఖ రాశారు. తనకు చోటు ఇవ్వమని ఆమె అడగలేదు. పోటీ పెట్టమని మాత్రమే అడిగారు.

డిసెంబరులో ఢిల్లీలో ఆ పోటీ జరిగింది. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయారు. న్యాయం అడిగి సాధించుకున్న వ్యక్తికి, అందులోనే ఓటమి ఎదురైతే తట్టుకోవడం మరింత కష్టం. లోకం నవ్వుతుంది. నిఖత్ మాత్రం ఫలితాన్ని అంగీకరించి సాధనకు తిరిగి వెళ్లారు. సహనం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని మనలో కొందరు అనుకుంటారు. హక్కును మర్యాదగా అడగడం, తీర్పును ఒప్పుకోవడం, పని ఆపకపోవడం, ఈ మూడూ కలిస్తేనే సహనమని మేము భావిస్తున్నాము.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో, థాయ్‌లాండ్‌కు చెందిన జిట్పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి ఆమె ప్రపంచ విజేత అయ్యారు. ఈ ఘనత సాధించిన ఐదవ భారతీయ మహిళ ఆమె. అదే ఏడాది కామన్వెల్త్ క్రీడల్లోనూ స్వర్ణం లభించింది.

ఆటల లోకంలో ఇటువంటి దారి మరికొందరూ నడిచారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏటా డ్రాఫ్ట్ పేరుతో రెండు విడతల్లో దాదాపు అరవై మంది కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకుంటాయి. 2016లో పాయింట్ గార్డ్ ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌ను ఏ జట్టూ ఎంచుకోలేదు. ఆయన టొరంటో జట్టులో చేరి, దాని అనుబంధ చిన్న లీగ్ జట్టులోనూ ఆడి, మెల్లగా చోటు సంపాదించుకున్నారు. 2019లో టొరంటోకు తొలి టైటిల్ తెచ్చిన ఆఖరి మ్యాచ్‌లో 22 పాయింట్లు సాధించారు.

సీడింగ్ లేని రెండు ప్రయాణాలు

ప్యారిస్ ఒలింపిక్స్ కోసం నిఖత్ 50 కిలోల విభాగానికి మారవలసి వచ్చింది. దానితో 2023 ఢిల్లీ ప్రపంచ పోటీల్లో ఆమెకు సీడింగ్ దక్కలేదు. ఆరు బౌట్లు ఆడి, తుది పోరులో వియత్నాంకు చెందిన గుయెన్ థి తామ్‌ను ఓడించి రెండోసారి ప్రపంచ విజేత అయ్యారు. 2024లో ప్యారిస్‌లోనూ సీడింగ్ లేదు. ఈసారి రెండో బౌట్‌లోనే చైనాకు చెందిన టాప్ సీడ్ వూ యూ ఎదురయ్యారు. నిఖత్ ఓడిపోయారు. ఆ విభాగంలో స్వర్ణం వూ యూకే దక్కింది. రెండుసార్లూ కష్టపడినా ఫలితం ఒకటి కాలేదు. ప్రయత్నం మన చేతిలో ఉంటుంది, ఫలితం ఉండదు. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం ఆమెను డీఎస్పీగా నియమించింది.

ఇదే పట్టణపు బిడ్డ, షంసముద్దీన్ కుమారుడు మహమ్మద్ హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు గెలిచారు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్ చేరి, మోకాలి గాయంతో బరిలోకి దిగలేక కాంస్యంతో తిరిగి వచ్చారు.

మన ఇళ్లలో ప్రతి బిడ్డా ప్రపంచ విజేత కాకపోవచ్చు. జాబితాలో పేరు లేని రోజు మాత్రం దాదాపు ప్రతి బిడ్డకూ వస్తుంది. ఆ రోజున పక్కింటి పిల్లలతో పోలిక తేవద్దు. అన్యాయం జరిగిందనిపిస్తే అడగడానికి తోడుగా వెళ్లండి. అడిగాక ఓడిపోతే నిందించకండి. మరునాటి ఉదయం సాధనకో, చదువుకో బిడ్డను ప్రేమగా నిద్ర లేపండి.